సగం తోమిన గుల్ల

ఇస్తారి గురించి ఎవరూ ఎక్కడా రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు కథలు రాయడం రాదు. నర్సుగా ముప్పై ఒక్క ఏళ్ళు రోగుల చార్టులు రాశాను, అంతే. కాకపోతే నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నరసాపురంలో మా మిషన్ స్కూలు టీచరమ్మ మెచ్చుకునేది. ఆ గుండ్రటి అక్షరాలే నన్ను 1976లో ఒమన్‌లో ఒక పెద్దమనుషుల సంఘంలో ఇరికించాయి.

అప్పుడు నేను మస్కట్ పక్కన మత్రా రేవులో ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. మాకొక ఇంగ్లీషు డాక్టరు ఉండేవారు. ఎముకలు అతకడంలో దిట్ట. ఆయన చేతిసంచీలో స్టెతస్కోపు పక్కనే పిట్టగుడ్డో బల్లి తోకో ఉండేది. ఆయనా, ఒక బ్యాంకు ఆఫీసరూ, రోడ్లు వేయించే ఇద్దరు ఇంజనీర్లూ, వాళ్ళ భార్యలూ కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నారు. ఈ దేశంలో దొరికే వింతలన్నీ పోగుచేసి, వాటికి పేర్లు పెట్టి, లోకానికి తెలియజేయడం దాని ఉద్దేశం. ఇక్కడి బెస్తవాళ్ళకి ఆ వింతలన్నీ పుట్టినప్పటి నుంచీ తెలుసు. వాటికి పేర్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి మాత్రం సొసైటీలో ఎవరూ ఎత్తేవారు కాదు.

రేవు వెనక సందులో ఒక పాత వర్తకుడి మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని మ్యూజియం అన్నారు. అందులో తిమింగలం వెన్నుపూస ఒకటి, రాళ్ళలో చిక్కుకున్న చేపలు, దూది కుక్కిన ఉడుము, ఫిరంగి గుండు, ఆకాశం నుంచి పడిందని చెప్పే నల్లరాయి, నాలుగు వందల పైచిలుకు గుల్లలూ ఉండేవి. ప్రతి గురువారం సాయంత్రం మీటింగు. టీ తాగడం, ఎవరి గుల్ల ఎవరు ముందు చూశారని కీచులాడుకోవడం. డాక్టరు గారు సెక్రటరీ. ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు కనుక, వస్తువుల కింద పెట్టే చీటీలన్నీ నాచేత రాయించేవారు. నాకు ఇచ్చే ప్రతిఫలం ఒక బిస్కెట్టు.

ఇస్తారి మా ఆసుపత్రికి మనుషుల భుజాల మీద వచ్చాడు. సైట్లో పరంజా మీద నుంచి పడి మోకాలు చితక్కొట్టుకున్నాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు వాడు, పాతికేళ్ళుంటాయి. కట్టు కడుతుంటే హిందీలో ఏదో సణిగి, నొప్పి ఎక్కువయ్యేసరికి "ఓయవ్వా" అన్నాడు. నేను తెలుగులో కదలకుండా ఉండమన్నాను. అంతే, ఆ పూట నుంచి నేను వాడి సొత్తయిపోయాను. నేను 'అలాగేనండి' అంటే వాడికి నవ్వు, వాడు 'గట్లనే' అంటే నాకు నవ్వు.

"నీకా పేరేంటి? ఇస్తారి ఏంటి?" అని అడిగాను ఒకరోజు.

"నాకంటె ముందుగాల ముగ్గురు సచ్చిపోయిండ్రట సిస్టరమ్మా. నేను పుట్టంగనే మా అవ్వ నన్ను ఎంగిలి ఇస్తారాకుల ఏసి పెంట మీద పెట్టిందట. ఎవలకు పనికిరాడు వీడు అని సావు గూడ ఇడిసిపెట్టి పోతదని. మళ్ల తీస్కచ్చుకున్నది. గందుకే ఇస్తారి."

నెల తిరిగేసరికి వాడు కుంటుతూ నడవగలిగాడు గానీ సిమెంటు బస్తా ఎత్తలేడని తేలింది. కంపెనీ వాళ్ళు వచ్చే వారం బొంబాయి విమానం ఎక్కిస్తామన్నారు. వాడు నా దగ్గరికి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నన్ను పంపనియ్యకుండ్రి సిస్టరమ్మా."

"ఇంటికేగా పంపేది? మీ అమ్మని చూసుకోవచ్చు కదా."

"అవ్వను సూస్త గని, గడీని గూడ సూడాలె గదా."

గడీ అంటే వాళ్ళ ఊరి దొర మేడ. వాళ్ళమ్మ గౌరవ్వ ముప్పై ఏళ్ళుగా ఆ గడీలో ఇత్తడి, రాగి సామాను తోముతోంది. కూలీ నాలీ ఏమీ లేదు, వెట్టి. దొర ఇంటికి ఎవరైనా చుట్టాలు వస్తున్నారంటే మూడు రోజుల ముందు నుంచీ గంగాళాలూ కొప్పెరలూ వాకిట్లోకి దించి తోమాలి. వీడు దొర తోటకి నీళ్ళు మోసేవాడు. ఒకనాడు చెప్పాపెట్టకుండా బొంబాయి పారిపోయి, అక్కడి నుంచి ఇక్కడ తేలాడు. తిరిగి వెళితే ఆ దొర ఊరుకోడు. "గీ మోకాలు గాదు, రెండోది గూడ ఉంచడు," అన్నాడు వాడు, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు గారిని బతిమాలాను. మ్యూజియంలో దుమ్ము దులిపే మనిషి లేక ఉడుముకి చెదలు పడుతోందని ఆయనే వారం క్రితం విసుక్కున్నారు. ఆయన కంపెనీకి ఉత్తరం రాశారు. ఇస్తారి కంపెనీ మనిషిగానే ఉంటాడు, పని మ్యూజియంలో. ఏటేటా డాక్టరు గారు కాగితం మీద సంతకం పెడితే మరో ఏడాది ఉంటాడు. పెట్టకపోతే విమానం.

మొదటిరోజు వాడు రెండు గదులూ కలయతిరిగి, గుల్లల బల్లల దగ్గర ఆగాడు.

"ఇవన్ని ఎవలు తింటరు సిస్టరమ్మా?"

"ఎవరూ తినరు. చూస్తారు."

"సూసి?"

"పేరు పెడతారు."

"పెట్టి?"

"మళ్ళీ చూస్తారు."

వాడు తల ఊపాడు. గడీలో పనిచేసినవాడికి దొరల సరదాలు కొత్త కాదు.

ఆరు నెలల్లో ఇస్తారి ఆ మ్యూజియానికి సొసైటీ తేలేని పేరు తెచ్చాడు. శుక్రవారం సెలవు రోజున సైట్ల నుంచి వాడి రూమ్ వాళ్ళూ, వాళ్ళ వెంట పఠాన్లూ, మలయాళీలూ గుంపుగా వచ్చేవారు. వాడికి చీటీల మీది ఇంగ్లీషు చదవడం రాదు కనుక కథలన్నీ సొంతంగా అల్లేవాడు. తిమింగలం వెన్నుపూస ఒక రాక్షసుడు కూర్చున్న పీట. ఫిరంగి గుండు ఆ రాక్షసుడికి మూత్రపిండాల్లో పెరిగిన రాయి, దాన్ని కోసి తీసింది మా డాక్టరు గారు. ఆసుపత్రి జీపు డ్రైవరు అక్బర్ ఇదంతా ఉర్దూలోకి మార్చి చెప్పేవాడు, మధ్యలో తన తరఫున మరో రెండు కలిపేవాడు. గులాం నబీ అనే పఠాన్ మేస్త్రీ అయితే ఆ రాయి చూసినప్పటి నుంచి రోజూ మూడు చెంబుల నీళ్ళు తాగుతున్నానని నాతో స్వయంగా చెప్పాడు. ఆ రకంగా సైన్సు వల్ల ఒకడికి మేలు జరిగింది.

అలా ఉండగా 1977 జనవరిలో లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. గుల్లల శాస్త్రంలో పేరుమోసిన ఒక పెద్దావిడ ఫిబ్రవరిలో వచ్చి సేకరణ చూస్తారట. సొసైటీలో అందరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంజనీరు భార్యలు కొత్త తెరలు కుట్టించారు. నాకు వార్డులో నైట్ డ్యూటీలు పడి వారం రోజులు రాలేనని తెలిసి, వెళ్ళేముందు ఇస్తారికి గట్టిగా చెప్పాను. "గొప్ప చుట్టాలొస్తున్నారు. ఒక్క వస్తువు మీద కూడా మురికి కనిపించకూడదు. అన్నీ తళతళలాడాలి." ఆ మాట అన్నది నేనే. ఇది రాస్తున్నదే ముఖ్యంగా ఆ ఒప్పుకోలు కోసం.

చుట్టాలొస్తున్నారంటే ఏం చేయాలో గౌరవ్వ కొడుక్కి ఒకరు నేర్పాలా? మత్రా బజారులో చింతపండు కొన్నాడు. రొట్టెల బట్టీ నుంచి బూడిద తెచ్చాడు. ఇటుక ముక్క నూరాడు. సూర్ అనే రేవు ఊరి నుంచి బెస్తవాళ్ళు పంపిన గోనెసంచి ఒకటి మూలన పడి ఉంది, అందులో పిడికిలంత నత్తగుల్లలు, మట్టిరంగులో గరుకుగా, పాచిపట్టి. అన్నిటికన్నా మురికిగా ఉన్నవి అవే కనుక వాటితోనే మొదలుపెట్టాడు. నాలుగైదు రోజులు చింతపండు పులుసులో నానబెట్టడం, బూడిదా ఇటుకపొడీ వేసి కొబ్బరిపీచుతో రుద్దడం, మళ్ళీ నానబెట్టడం. తొమ్మిది గుల్లలకి పైపొర మొత్తం ఊడిపోయి లోపలి ముత్యపు మెరుపు బయటపడింది. పదోదానికి చింతపండు అయిపోయింది. లేకపోతే నాలుగు వందల గుల్లలూ తోమేసి ఉండేవాడు, రాతిచేపలకి కూడా స్నానం అయ్యేది.

ఆ గురువారం డాక్టరు గారు గదిలో అడుగుపెట్టి, బల్ల మీద వరసగా మెరుస్తున్న తొమ్మిది గుల్లలు చూసి టోపీ తీసేశారు. ఆ సంచి ఆయన అంతకుముందు విప్పి చూడలేదు.

"యే కహాఁ సే ఆయా?" అని అడిగారు, ఇవెక్కడివని.

"ఉసీ బోరీ సే సాబ్," అన్నాడు ఇస్తారి. ఆ గోనెసంచిలోంచే అన్నది అక్షరాలా నిజం.

అంతే, ఒమన్ సముద్రంలో లోకం ఎరగని కొత్తజాతి గుల్ల పుట్టింది. వెలుపలి పొర లేకుండానే పెరిగే జాతి అట. డాక్టరు గారు తొమ్మిది పేజీల వ్యాసం రాశారు. దానికి తన పేరు పెట్టాలని ఆయన, ఆ సంచీని సూర్ నుంచి నా కారులో తెప్పించాను కనుక నా పేరు పెట్టాలని బ్యాంకు ఆఫీసరు. సొసైటీ రెండుగా చీలింది. బిస్కెట్లు కూడా రెండు ప్లేట్లలో వచ్చాయి. చీటీ రాయమని నన్ను పిలిపించారు.

నేను గుల్ల చేతిలోకి తీసుకోగానే వాసన తగిలింది. నరసాపురంలో పుట్టినదాన్ని, చేపల పులుసు చేసుకునే మనిషిని, చింతపండు వాసన నాకు ఒకరు చెప్పాలా? మీటింగు అయ్యాక ఇస్తారిని వెనక వరండాలోకి లాక్కెళ్ళాను. నీళ్ళ బిందె చాటున పిప్పి, గింజలు కుప్పగా ఉన్నాయి.

"ఏం చేశావురా నాయనా?"

"తోమిన. మీరే గదా తళతళ అనాలె అన్నరు."

"వాళ్ళు దాన్ని కొత్తజాతి అంటున్నారు."

"కొత్తగ తోమిన జాతి," అన్నాడు వాడు, కాస్త గర్వంగానే. నేను సంగతంతా విడమరిచి చెప్పాక వాడు ఆ పిప్పి కుప్ప వైపు చూశాడు. "అంటే దొర వస్తువు కరాబు జేసిన్నా? గిప్పుడు ఎట్ల? సంతకం వెడ్తడా మరి?"

కాగితం గడువు ఫిబ్రవరి ఆఖరుతో తీరిపోతుంది. నిజం చెబితే వాడికి విమానం, గడీ. చెప్పకపోతే డాక్టరు గారి వ్యాసం లండన్ వెళ్ళి అచ్చవుతుంది, ఆ మంచి మనిషి లోకం ముందు నవ్వులపాలవుతాడు. నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. నోరు మూసుకోమని వాడికి చెప్పి నేను కూడా మూసుకున్నాను. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే గుల్లలే కనిపించేవి.

ఈలోగా డాక్టరు గారికి ఇంకో ఆలోచన వచ్చింది. పెద్దావిడకి ఒక డజను చూపించాలి, తొమ్మిది చాలవు. ఇస్తారిని అక్బర్ జీపులో సూర్ పంపారు, ఆ కొత్తజాతివి మరో మూడు వెతికి తెమ్మని. వాళ్ళు రెండు రోజులు గతుకుల దారిలో వెళ్ళి, రెండు రోజులు వెనక్కి వచ్చారు. తెచ్చింది ఒక సంచి మామూలు గుల్లలు. "దొరకలేదు సాబ్, అవి చాలా అరుదు," అన్నాడు అక్బర్ గంభీరంగా. డాక్టరు గారు సంతోషంతో వ్యాసంలో 'చాలా అరుదు' అని మరో పేరా చేర్చారు. అక్బర్‌కి సంగతి తెలుసని నాకు అప్పుడర్థమైంది.

పెద్దావిడ వచ్చారు. నేను ఊహించుకున్న మనిషే కాదు. పొట్టిగా, మగవాళ్ళ బూట్లు వేసుకుని, మెడలో భూతద్దం తాడుకి కట్టుకుని ఉన్నారు. టీ వద్దన్నారు. తెరల వైపు చూడలేదు. నేరుగా తొమ్మిది గుల్లల దగ్గరికి వెళ్ళి ఒకటి ఎత్తి, అద్దంతో చూసి, తలలోంచి హెయిర్ పిన్ను లాగి గుల్ల నోట్లోకి పోనిచ్చి తిప్పారు. ఆవిడ ఏదో వెతుకుతున్నారు, అది బయటికి వచ్చింది. గోధుమరంగు పీచు, దానికి అంటుకుని చింతగింజ పొట్టు. వాసన చూశారు. నాలిక మీద పెట్టుకున్నారు.

"పుల్లగా ఉంది," అన్నారు. "డాక్టర్, ఈ జాతి భోజనానికి ఏం తింటుంది?"

డాక్టరు గారు చేతిలోని తొమ్మిది పేజీలు బల్ల మీద పెట్టేశారు. ఆవిడ తల తిప్పి, "ఈ గది ఎవరు చూసుకుంటారు?" అన్నారు. అందరి కళ్ళూ గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ ఇస్తారి మీద పడ్డాయి. అప్పుడు నేను ముందుకు రావాలి. వస్తున్నాను కూడా, నిజంగా, కానీ కాళ్ళు కదలడానికి ముందు వాడే కుంటుకుంటూ మధ్యకి వచ్చాడు.

"మైనే ధోయా మేంసాబ్. ఇమ్లీ సే," అని చింతపండు సంగతి ఒప్పుకుని, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "మీ పేరు జెప్పకుండ్రి సిస్టరమ్మా. ఇద్దర్ని ఎందుకు పంపుడు."

నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నేను జీవితంలో మళ్ళీ పడలేదు. అప్పుడు నోరు పెగిలింది. శుభ్రం చేయమన్నది నేనేననీ, తెలిసి కూడా నెల రోజులు దాచాననీ, పంపిస్తే నన్ను పంపమనీ ఇంగ్లీషులో చెప్పేశాను. నా ఇంగ్లీషు అంత బాగా అంతకుముందెప్పుడూ రాలేదు. డాక్టరు గారి మొహం ఎర్రబడింది. బ్యాంకు ఆఫీసరు మాత్రం ఆ గుల్లకి తన పేరు పెట్టమని తానెన్నడూ అడగలేదని గట్టిగా గుర్తుచేశాడు.

పెద్దావిడ మా ఇద్దరి మాటా వినిపించుకోలేదు. ఇస్తారి చేతులు పట్టుకుని తిప్పి చూశారు. వేళ్ళ చివర్లు పులుపుకి పాలిపోయిన గుర్తు ఇంకా పోలేదు. "నా ముందు తోమి చూపించమనండి," అన్నారు నాతో. "సగమే. మిగతా సగం ముట్టుకోవద్దనండి."

మూడు రోజులు పట్టింది. ఆవిడ పొద్దున్నే వచ్చి వరండాలో పీట వేసుకుని కూర్చునేవారు. ఇస్తారి అక్బర్ తెచ్చిన సంచిలోంచి ఒక గుల్ల తీసి, సగానికి మైనం రుద్ది, రెండో సగాన్ని పులుసులో తడిపి తోమేవాడు. ఆ మూడు రోజులూ డాక్టరు గారు నాతో ఆసుపత్రిలో కత్తెర, దూది, గాజుగుడ్డ తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఇస్తారి బట్టలు మూటకట్టుకున్నాడు. అక్బర్ వాడిని విమానాశ్రయానికి దించడానికి జీపులో పెట్రోలు కూడా పోయించి ఉంచాడు, స్నేహం కొద్దీ.

మూడో రోజు ఆవిడ ఆ గుల్లని కిటికీ దగ్గర వెలుగులో పెట్టారు. ఒక సగం మట్టిరంగు గరుకు, రెండో సగం ముత్యం, మధ్యలో గీత గీసినట్టు పొర మీద పొర కనిపిస్తోంది. ఈ జంతువు తన ఇల్లు ఎలా కట్టుకుంటుందో చూపడానికి ఇంత బాగున్నది తన దగ్గర లండన్‌లో లేదన్నారు. తొమ్మిది పేజీలు మడిచి డాక్టరు గారి కోటు జేబులో పెట్టి, "ఇవి నేను చదవలేదు," అన్నారు. ఆయన బూట్ల వైపు చూస్తూ, "థాంక్యూ," అన్నారు. తర్వాత నన్ను చీటీ రాయమన్నారు పెద్దావిడ. దొరికిన చోటు, సూర్. తెచ్చినవారు, అక్బర్. సిద్ధం చేసినవారు, అని ఆగి ఇస్తారి వైపు చూశారు.

"నీ పేరు రాయమంటున్నారు," అన్నాను.

"నా పేరెందుకు?"

"తోమింది నువ్వే కదా."

వాడు ఆ గుల్లని చూశాడు, చీటీని చూశాడు. గడీ గురించి చెప్పినప్పుడు కూడా వాడు నవ్వుతూనే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం నవ్వడం మానేశాడు.

"తోమినందుకు గూడ పేరు రాస్తరా సిస్టరమ్మా? మా అవ్వ ముప్పై ఏండ్లు తోమింది."

వాడే మళ్ళీ అన్నాడు. "గౌరవ్వ అని రాయుండ్రి. నేర్పింది ఆమెనే."

నేను నా గుండ్రటి అక్షరాలతో ఇంగ్లీషులో రాశాను, కింద తెలుగులో కూడా రాశాను: సిద్ధం చేసినవారు, గౌరవ్వ, ఆమె కొడుకు ఇస్తారి. సొసైటీ చీటీల్లో తెలుగు ఉండకూడదని నియమం. డాక్టరు గారు చూసి కూడా ఏమీ అనలేదు. మర్నాడు చింతపండు నమిలిన మొహంతో వాడి కాగితం మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఐదేళ్ళూ పెడుతూనే ఉన్నారు.

ఆ శుక్రవారం ఇస్తారి తన గుంపుకి మ్యూజియం తిప్పి చూపిస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. రాక్షసుడి పీట అయింది, రాయి అయింది, గులాం నబీ తన నీళ్ళ సంగతి చెప్పాడు. సగం గుల్ల దగ్గరికి వచ్చేసరికి వాడు కథ అల్లలేదు. చీటీ మీద తెలుగు అక్షరాలపై వేలు పెట్టి, "గిది మా అవ్వ పేరు," అన్నాడు.